కేజీ ధర కనబడనివ్వండి: తూనికలు, కొలతల శాఖ అధికారులకు బహిరంగ లేఖ

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల తూనికలు, కొలతల శాఖ అధికారులకు,

నమస్కారం.

మా వీధిలో ఉన్న ఒక పొదుపు సంఘానికి లెక్కల పుస్తకం రాసేదాన్ని నేను. మా సభ్యుల్లో బట్టలు కుట్టేవాళ్లున్నారు, ఇళ్లల్లో పనికి వెళ్లేవాళ్లున్నారు, రైస్ మిల్లులో కూలికి పోయేవాళ్లున్నారు, కూరల బండి పెట్టుకున్నవాళ్లున్నారు. ఎవరైనా కిస్తీ కట్టలేకపోయిన నెల కూర్చుని లెక్క చూస్తే, ఆస్పత్రి ఖర్చు తర్వాత తేలేది సరుకుల ఖర్చే. ప్యాకెట్ల మీద ధర, బరువు అర్థమయ్యేలా వేయించాలని కోరుతూ ఇంతకుముందు సంతకాలతో అర్జీ ఇచ్చాం. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే పైనుంచి ఆర్డర్ రావాలన్నారు. అది ఏ ఆఫీసో ఇక్కడ రాయను. ఇది ఒక ఉద్యోగి మీద ఫిర్యాదు కాదు. ఆర్డర్ ఇవ్వాల్సింది పైవాళ్లే అన్నారు కాబట్టి మీకే, అందరూ చదివేలా రాస్తున్నాను.

2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన దేశంలో పల్లెల్లోని కుటుంబాలు నెల ఖర్చులో 47 శాతం, పట్టణాల్లోనివి దాదాపు 40 శాతం తిండికే పెడుతున్నాయి. ఇది సగటు. కూలి మీద బతికే ఇళ్లలో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఇంటి అద్దె తగ్గించుకోలేం, కరెంటు బిల్లు తగ్గించుకోలేం, స్కూలు ఫీజు అసలే తగ్గదు. చేతిలో ఉండేది సరుకుల చీటీ ఒక్కటే. రేషన్ బియ్యం ఆదుకుంటున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. నూనె, పప్పు, చింతపండు, టీపొడి, పాలు మాత్రం కొనుక్కోవాల్సిందే.

పొదుపుగా వండుకోమని, చూసి కొనుక్కోమని చెప్పేవాళ్లకు కొదవ లేదు. చూసి కొనాలంటే రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఏది చవకో తెలియాలి కదా. ఇప్పుడు తెలియడం లేదు. మేము సబ్సిడీ అడగడం లేదు, కొత్త పథకం అడగడం లేదు. ఏది చవకో మా కళ్లతో మేమే చూసుకునే వీలు కల్పించమంటున్నాం. ఎక్కడెక్కడ ఆ వీలు లేకుండా పోయిందో కింద వరసగా రాస్తున్నాను.

1. గ్రాము ధర వేస్తున్నారు, అది మాకు పనికిరావడం లేదు.

ప్యాకెట్టు మీద ఎమ్మార్పీతో పాటు యూనిట్ ధర కూడా వేయాలన్న నిబంధన 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఆలోచన చేసినవాళ్లకు నిజంగా కృతజ్ఞతలు. చిక్కల్లా దాన్ని వేసే తీరులో ఉంది. కేజీకి మించిన ప్యాకెట్టు మీద కేజీ ధర, కేజీకి తక్కువైన ప్యాకెట్టు మీద గ్రాము ధర వేయాలన్నారు. అదీ రూపాయల్లో, రెండు దశాంశాల వరకే.

ఒక లెక్క చూడండి. ఒక నూనె ప్యాకెట్టు 850 గ్రాములు, ధర 123 రూపాయలు అనుకుందాం. పక్కన ఇంకో కంపెనీది 910 గ్రాములు, ధర 124 రూపాయలు. మొదటిదాని గ్రాము ధర 0.1447 రూపాయలు, రెండోదానిది 0.1363 రూపాయలు. రెండు దశాంశాలకు కుదిస్తే రెండింటి మీదా పడేది ఒకే అంకె: 0.14 రూపాయలు. కొనడానికి వచ్చినామె ఏం చేస్తుంది? గ్రాము ధర ఒకటే కదా, ఇది రూపాయి తక్కువ కదా అని 123 రూపాయల ప్యాకెట్టు తీసుకుంటుంది. నిజానికి ఆమె కేజీకి 8 రూపాయలకు పైగా ఎక్కువ కట్టింది. నిబంధన ప్రకారం అన్నీ సరిగ్గా ముద్రించిన ప్యాకెట్లే ఆమెను ఖరీదైన సరుకు వైపు నడిపించాయి.

కేజీకి 135 రూపాయల నుంచి 145 రూపాయల దాకా ఉన్న ఏ సరుకైనా ఈ పద్ధతిలో 0.14గానే కనబడుతుంది. అంటే కేజీకి పది రూపాయల తేడా లేబుల్ మీద మాయమైపోతోంది. వంద రూపాయల అటూ ఇటూ ధర ఉండే పప్పులకూ నూనెలకూ పది రూపాయలు చిన్న తేడా కాదు. మా సభ్యులు ప్యాకెట్టు మార్చి ప్యాకెట్టు తిప్పి చూసేది ఆ తేడా కోసమే.

ఇంకో ఇబ్బంది ఉంది. చిన్న ప్యాకెట్టు మీద గ్రాముకు 0.14 అని, పక్కనున్న ఐదు లీటర్ల క్యాన్ మీద లీటరుకు ఇంత అని ఉంటే, ఒకటి బరువు, ఒకటి కొలత, ఒకటి పైసల్లో, ఒకటి వందల్లో. అంగట్లో నిలబడి ఈ లెక్క ఎవరు చేయగలరు? ఇంటర్ దాకా చదివిన నేనే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయాల్సి వస్తోంది. వేలిముద్ర వేసే మా పెద్దమ్మల సంగతి చెప్పక్కర్లేదు. కేజీ అంటే వాళ్లకు బాగా తెలుసు. సంతలో వంకాయలు కేజీ ఎంత, చింతపండు కేజీ ఎంత అని అడిగి, గీచి గీచి బేరమాడగలరు. గ్రాముకు 0.14 రూపాయలు అనే భాషలో ఈ దేశంలో ఎవరూ బేరమాడరు.

కాబట్టి మా మొదటి డిమాండ్: ప్యాకెట్టు 50 గ్రాములదైనా 5 కేజీలదైనా, యూనిట్ ధర కేజీకి ఎంతో వేయించండి. నూనెకు బరువు లెక్కే అన్ని కంపెనీలకూ ఒకటిగా పెట్టండి. ఎమ్మార్పీ ఎంత అక్షరాల్లో ఉంటుందో కేజీ ధరా అంతే పెద్ద అక్షరాల్లో, దాని పక్కనే ఉండాలి.

2. నూనె ప్యాకెట్టు అదే, లోపల నూనె అంత లేదు.

లీటరు సన్‌ఫ్లవర్ నూనె మామూలు వేడిమిలో సుమారు 910 గ్రాములు తూగుతుంది. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి, ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర లీటరు కొలిస్తే బరువు తగ్గుతుంది. కొన్ని కంపెనీలు 60 డిగ్రీల దగ్గర కొలత అని చిన్న అక్షరాల్లో వేసేవి. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919.1 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే ఉంటుందని కేంద్ర శాఖే చెప్పి, ఉష్ణోగ్రత మాట లేకుండా కొలతతో పాటు బరువు కూడా వేయాలని 2022 ఆగస్టులో కంపెనీలను ఆదేశించింది. 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. మంచి పని చేశారు.

కానీ ఈలోపే ఇంకో తలుపు తెరుచుకుంది. అంతకుముందు నూనె, పప్పులు, పిండి, రవ్వ, టీపొడి, కాఫీ, ఉప్పు, బిస్కెట్లు, పాలపొడి లాంటి 19 రకాల సరుకులను నిర్ణయించిన సైజుల్లోనే ప్యాక్ చేయాలన్న నిబంధన ఉండేది. 2021 నవంబరులో చేసిన సవరణతో ఆ జాబితా తీసేశారు. యూనిట్ ధర వేస్తారు కాబట్టి సైజు ఏదైనా ఫర్వాలేదన్నది దాని వెనకున్న ఆలోచన. ఆ యూనిట్ ధర ఎలా పడుతోందో పైన రాశాను. ఫలితంగా ఇప్పుడు అల్మారాలో 910 గ్రాములు, 870, 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు పక్కపక్కనే ఉంటున్నాయి. కవరు వెడల్పు, ఎత్తు, రంగు, బొమ్మ చూస్తే అన్నీ లీటరు ప్యాకెట్లే అనిపిస్తాయి. మొన్న మీటింగులో రెండు ప్యాకెట్లు తెచ్చి మధ్యలో పెట్టాను. "రెండూ లీటరే కదక్కా, ఒకేలా ఉన్నాయి" అన్నది మా కుట్టుపని చేసే అమ్మాయి. బరువు ఎక్కడ రాసుందో చూడమంటే తిప్పి తిప్పి వెతికింది. కింద అతుకు దగ్గర, కవరు ముడతలో ఉంది.

దీనివల్ల ఇంట్లో ఏం జరుగుతుందో చెబుతాను. నెలకు నాలుగు ప్యాకెట్లు వాడే ఇల్లు అనుకోండి. ఒక్కో దానిలో 60 గ్రాములు తక్కువైతే నెలకు 240 గ్రాములు, ఏడాదికి 2 కేజీల 880 గ్రాములు. అంటే మూడు లీటరు ప్యాకెట్ల కంటే ఎక్కువే. ఇరవై నాలుగో తేదీకో ఇరవై ఐదో తేదీకో నూనె అయిపోతుంది. అప్పటికి చేతిలో డబ్బుండదు కాబట్టి వీధి చివర కొట్లో చిన్న ప్యాకెట్లు అప్పు మీద తెచ్చుకుంటారు. అవి కేజీ లెక్కన చూస్తే ఇంకా ఖరీదు. ఆ అప్పు ఒకటో తేదీన తీరుస్తారు, ఆ నెల చీటీలో ఏదో ఒకటి కొట్టేస్తారు. ఎక్కువగా కొట్టేసేది గుడ్లో, కందిపప్పో. భర్త పళ్లెంలోనూ పిల్లల పళ్లెంలోనూ తగ్గనివ్వదు ఆ ఇల్లాలు, తన పళ్లెంలో తగ్గించుకుంటుంది. తాలింపులో నూనె ఎక్కువ పోస్తున్నావని అత్తతో మాట పడేదీ ఆమే. తప్పు ప్యాకెట్టుది.

మా రెండో డిమాండ్: నూనె, పప్పులు, గోధుమపిండి, రవ్వ, ఉప్పు, టీపొడి, పాలపొడి వరకైనా పాత నిర్ణీత సైజులు తిరిగి తీసుకురండి. ఆ జాబితా మొత్తం వెనక్కి తేవడం కుదరకపోతే నూనెతో మొదలుపెట్టండి.

3. బరువు తగ్గించినప్పుడు చెప్పాలి.

ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు ఎన్నేళ్ల నుంచో ఐదు రూపాయలే. లోపల బిస్కెట్లు మాత్రం పలచబడుతూ వచ్చాయి. ధర పెంచితే జనం గమనిస్తారని బరువు తగ్గిస్తున్నారు. చట్టప్రకారం కొత్త బరువు వేస్తే సరిపోతుంది, పాత బరువు ఎంతో చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్‌లో 2024 జూలై 1 నుంచి ఇలా బరువు తగ్గించిన సరుకు దగ్గర పెద్ద దుకాణాలు రెండు నెలల పాటు బోర్డు పెట్టాలని నిబంధన తెచ్చారు. దక్షిణ కొరియాలో కంపెనీలే మూడు నెలల పాటు చెప్పాలి. వాళ్లకంటే మన ఇళ్లల్లో తిండి ఖర్చు వాటా ఎక్కువ. మనకు ఆ నిబంధన ఇంకా ఎక్కువ అవసరం. ప్యాకెట్టు ముందువైపు "ఇంతకుముందు ఇంత, ఇప్పుడు ఇంత" అని ఆరు నెలలు వేయించండి.

4. చిన్న ప్యాకెట్టుకు పన్ను, పెద్ద బస్తాకు లేదు.

ఇది మీ శాఖ ఒక్కటే తేల్చే విషయం కాదని తెలుసు. అయినా ప్యాకెట్టు అంటే ఏమిటన్న నిర్వచనం మీ చట్టం నుంచే తీసుకున్నారు కాబట్టి మీతో చెబుతున్నాను. 2022 జూలై 18 నుంచి 25 కేజీల లోపు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ తర్వాతే మన అంగళ్లలో 26 కేజీల బియ్యం బస్తాలు కనబడ్డాయి. 26 కేజీలు ఒకేసారి కొనే స్తోమత ఉన్న ఇంటికి పన్ను లేదు. కూలి డబ్బుతో వారానికి ఐదు కేజీల ప్యాకెట్టు కొనే ఇంటికి పన్ను ఉంది. రేషన్ కార్డు ఇంకా రాని కొత్త కాపురాలు, పని కోసం ఊరు మారి అద్దె గదుల్లో ఉన్నవాళ్లు, వీళ్లే ఆ ఐదు కేజీల ప్యాకెట్లు కొనేది. పది కేజీల లోపు బియ్యం, పప్పు ప్యాకెట్ల మీద పన్ను తీసేయాలని మీ శాఖల తరఫున జీఎస్టీ కౌన్సిల్‌కు రాయండి.

5. దుకాణంలో ఉచిత కాటా ఎక్కడ?

పన్ను కట్టే చిల్లర దుకాణాలు, కొనేవాళ్లు ప్యాకెట్టు బరువు తామే చూసుకోవడానికి ఒక ఎలక్ట్రానిక్ కాటాను అందరికీ కనబడే చోట ఉచితంగా అందుబాటులో పెట్టాలని 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల్లోనే ఉంది. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. మా సంఘంలో అందరినీ అడిగాను, అలాంటి కాటా చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు. సూపర్ మార్కెట్లో కూరగాయలు తూచే కాటా ఉంటుంది, దాని దగ్గర మనిషి ఉంటాడు, నూనె ప్యాకెట్టు పెడితే వింతగా చూస్తాడు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. "ప్యాకెట్టు బరువు ఇక్కడ చూసుకోండి" అని తెలుగులో బోర్డు పెట్టించండి. తనిఖీకి వెళ్లినప్పుడు మొదట చూడాల్సింది ఆ బోర్డు ఉందా లేదా అన్నదే కావాలి. అలాగే అల్మారా మీద ధర చీటీ వేసే పెద్ద దుకాణాలను, ఆ చీటీ మీదే కేజీ ధర కూడా వేయమని కోరండి. కంప్యూటర్‌తో ముద్రించే చీటీకి ఇంకో వరస చేర్చడానికి వాళ్లకు అయ్యే ఖర్చు లేదు.

6. తక్కెడ మీద ముద్ర, రైతుబజారులో సరిచూసే కాటా.

ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, తూకం రాళ్లకు రెండేళ్లకోసారి తూకం సరైనదేనని మీ శాఖ ముద్ర వేయించాలని నిబంధన. ముద్ర ఎప్పటిదో కొనేవాళ్లకు కనబడదు. అంకెలు కూడా కొట్టువాళ్ల వైపే తిరిగి ఉంటాయి. కాటాకు రెండు వైపులా అంకెలు కనబడాలి, ముద్ర గడువు తేదీ పెద్దగా అంటించాలి. 1999లో మొదలైన రైతుబజార్లలో ధరల బోర్డు ఉండటం వల్ల మాకు ఎంతో మేలు జరిగింది. రోజూ ఆ బోర్డు చూసి బయట బండివాళ్లతో బేరమాడేవాళ్లున్నారు. ప్రతి రైతుబజారు గేటు దగ్గరా, ప్రతి వారం సంతలోనూ ఒక సరిచూసే కాటా పెడితే ఆ మేలు రెట్టింపవుతుంది.

ఒక విన్నపం. ముద్ర లేదని మొదట కూరల బండి మీదికి, చేపల బుట్ట మీదికి వెళ్లకండి. మా సంఘంలోనే బండి పెట్టుకున్నవాళ్లున్నారు. ముద్ర వేయించుకోవాలంటే ఒక పూట బేరం పోతుంది. నెలలో ఒక రోజు మార్కెట్ దగ్గరికే మీరు వచ్చి క్యాంపు పెట్టి ముద్రలు వేయండి. అందరూ వేయించుకుంటారు. లక్షల ప్యాకెట్లు ఒకే అచ్చులో పోసే చోట పది గ్రాములు తగ్గితే దాని లెక్క వేరు. తనిఖీ బలం అక్కడ పెట్టండి.

7. తెలుగులో వేయించండి.

ప్యాకెట్టు మీద వివరాలు హిందీలోగానీ ఇంగ్లిషులోగానీ ఉండాలి, వాటితో పాటు ఇంకో భాషలో కూడా వేసుకోవచ్చు అన్నది నిబంధన. వేసుకోవచ్చు అంటే ఎవరూ వేయరు. కంపెనీలు సరుకు పేరునూ ప్రకటననూ తెలుగులో చక్కగా వేస్తున్నాయి. బరువు, కేజీ ధర, గడువు తేదీ దగ్గరకొచ్చేసరికి తెలుగు ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ఆహార ప్యాకెట్ల మీద ఈ మూడూ తెలుగులో తప్పనిసరి చేయండి.

కిరాణా కొట్ల యజమానులకు కూడా రెండు మాటలు. మీరు మాకు ఖాతా మీద సరుకులిస్తారు. చేతిలో డబ్బు లేని రోజు మమ్మల్ని నిలబెట్టేది మీరే. ఖాతా ఉన్నందుకే మేము ఇంకో కొట్టుకు పోలేం కూడా. కాబట్టి మీ కొట్లోనే ఏది చవకో మాకు చూపించండి. నూనె, కందిపప్పు, మినప్పప్పు, చక్కెర, ఈ నాలుగింటి కేజీ ధర ఒక పలక మీద సుద్దముక్కతో రాసి బయట పెట్టండి. విడి సరుకు తూచేటప్పుడు కవరు బరువు తీసేసి తూచండి. పండగకు మిఠాయి తూచేవాళ్లు అట్టపెట్టెతో సహా తూచొద్దు.

అధికారులారా, వీటిలో 1, 2, 3 కేంద్రం నిబంధన మారిస్తే తప్ప జరగవు. 4 కౌన్సిల్ చేతిలో ఉంది. 7కి రాష్ట్రాలు గట్టిగా అడగాలి. 5, 6 మాత్రం రాష్ట్ర శాఖలు ఉన్న చట్టంతోనే వెంటనే చేయగలిగినవి. వాటి మీద నెల రోజుల్లో ఏం చేశారో ప్రకటించాలని కోరుతున్నాం. మిగతావాటి మీద కేంద్రానికి మీరు రాసే లేఖను కూడా బయటపెట్టండి. తూకం తక్కువైతే 1915 నంబరుకు ఫోన్ చేయమంటున్నారు. మంచిదే. ఫోన్ చేసినవాళ్లకు చర్య ఏమిటన్నది పదిహేను రోజుల్లో తెలుగులో మెసేజ్ రావాలి, లేకపోతే రెండోసారి ఎవరూ చేయరు.

ఈ లేఖ ప్రతిని మిగతా సంఘాలకూ పంపుతున్నాం. నూనె ప్యాకెట్ల బరువు, ధర, కేజీ లెక్క రాసి పెట్టమని ఒక్కో సంఘానికి ఒక కాగితం ఇచ్చాం. మీరు అడిగితే ఆ కాగితాలన్నీ ప్యాకెట్ల ఫొటోలతో సహా అందజేస్తాం. వచ్చే సమాఖ్య సమావేశంలో మీ జవాబు చదివి వినిపిస్తాం. రాకపోతే రాలేదని మినిట్స్‌లో రాసి, దాని నకలుతో మళ్లీ రాస్తాం.

ఇట్లు,
పొదుపు సంఘం సభ్యుల తరఫున,
లెక్కల పుస్తకం రాసే సభ్యురాలు